కన్యాశుల్కం ఏ సంవత్సరంది?

యూజీసీ 2019 చివరలో ‘రిసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్’ అనే రెండు క్రెడిట్ల పాఠాన్ని పీహెచ్‌డీ విద్యార్థులందరికీ తప్పనిసరి చేసింది. ముప్పై గంటలు, ఆరు భాగాలు. గ్రంథచౌర్యం, స్కోపస్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, హెచ్-ఇండెక్స్ అన్నీ ఉన్నాయి. అవసరమైనవే. అయితే తెలుగు సాహిత్యం మీద పనిచేసే విద్యార్థికి మొదట ఎదురయ్యే ప్రశ్న వేరు: కావలసిన పుస్తకం ఎక్కడుంది, దొరికినది ఏ కూర్పు? పాఠ్యప్రణాళిక శీర్షికల్లో ఈ ప్రశ్న కనిపించదు. పైగా ఈ పాఠం పీహెచ్‌డీతో మొదలవుతుంది. డిగ్రీ విద్యార్థి దీని పరిధిలోకే రాడు.

అమెరికా కళాశాల గ్రంథాలయాల సంఘం 2015లో రూపొందించిన చట్రం ఇంతకంటె లోతైనది. ప్రామాణికత సందర్భాన్ని బట్టి ఏర్పడుతుందనీ, వెతకడం ఒక్క ప్రయత్నంతో ముగిసేది కాదనీ అది గుర్తించింది. కాని దాని వెనుక ఒక నమ్మకం ఉంది: జాబితా సరిగా ఉంటుందని. వైద్యరంగంలో ఆ నమ్మకానికి ఆధారముంది. పబ్‌మెడ్‌లో ‘హార్ట్ ఎటాక్’ అని వెతికినా ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్’ అన్న శీర్షిక కింద చేర్చిన వ్యాసాలు వస్తాయి. 1960 నుండి ఏటేటా సవరిస్తూ వచ్చిన పారిభాషిక పదకోశం ఆ పని చేస్తోంది. తెలుగు పుస్తకాలకు అటువంటి ఏర్పాటు లేదు.

ఉన్న పెద్ద నిధి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి చొరవతో కార్నెగీ మెలన్‌లో సాగిన పది లక్షల పుస్తకాల ప్రయత్నంలో అది భాగం. ఆ పుస్తకాల ప్రతులు ఇప్పుడు పెద్ద సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. కువైట్‌లోని మహబూలాలో ఉద్యోగం చేసుకుంటూ పరిశోధన సాగించాలనుకునే వారికి వేటపాలెం సారస్వత నికేతనం సెలవుల్లో తప్ప అందదు. రోజువారీ గ్రంథాలయం ఇదే. కాని ఇక్కడ పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో ఉన్నాయి. శ, ష, స లకు తేడా లేదు. దీర్ఘాలకు నియమం లేదు. ‘ము’ ఒకచోట ఉంటుంది, మరొకచోట ఉండదు. తెలుగు లిపిలో వెతికి, దొరకక, పుస్తకమే లేదనుకుని వెళ్ళిపోయే విద్యార్థి తప్పేమీ లేదు. అతనికి నేర్పవలసిన మొదటి విద్య, ఒకే పేరును ఐదారు విధాలుగా రాసి చూడడం.

రెండవది సంవత్సరం. ఆ పుస్తకాల గుర్తింపు సంఖ్యల్లో తరచు 2015 అని కనిపిస్తుంది; దానికి ముద్రణతో సంబంధం లేదు. జాబితాలోని సంవత్సరం చాలాచోట్ల పునర్ముద్రణది. కన్యాశుల్కం విషయంలో ఇది చిన్న పొరపాటు కాదు. 1897 నాటి నాటకం వేరు, గురజాడ తిరగరాసిన 1909 నాటకం వేరు. మధురవాణి పాత్ర విస్తరించింది రెండవదానిలో. ఏ కూర్పో చూడకుండా ‘1897లోనే గురజాడ ఇలా రాశాడు’ అంటూ మధురవాణి మాటలు ఉదహరిస్తే వాదం మొత్తం పన్నెండేళ్ళు వెనక్కి జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకోలేదు. అది చూసేది పోలికల శాతాన్నే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక పది శాతం లోపు ఉంటే జరిమానా లేదు. తప్పు కూర్పును ఉదహరించిన వ్యాసమూ అలాగే దాటిపోతుంది.

పాత పుస్తకాల ముఖపత్రం మీద క్రీస్తుశకం బదులు ‘శార్వరి’ అని మాత్రమే ఉంటే కష్టం మరింత పెరుగుతుంది. శార్వరి 1900లో వచ్చింది, 1960లోనూ వచ్చింది. ముద్రాక్షరశాల పేరు, వెల అణాల్లో ఉందా పైసల్లో ఉందా అన్నది, పీఠిక రాసినవారి కాలం చూసి తేల్చుకోవాలి. ఇది పంచాంగ పాండిత్యమేమీ కాదు. ఒక మధ్యాహ్నంలో నేర్పగల పని.

తెలుగు వికీపీడియా స్వచ్ఛంద సేవకులు ఈ పుస్తకాలను తెలుగు లిపిలో జాబితా చేయడం ఎప్పుడో మొదలుపెట్టారు. డిగ్రీ తరగతిలో ఒక్కొక్క విద్యార్థికి పది పుస్తకాలు ఇచ్చి, ముఖపత్రాలు చదివించి, కూర్పు, సంవత్సరం, ముద్రాపకుల పేరు సరిచూసి ఆ జాబితాలో చేర్చమనవచ్చు. గ్రంథాలయాధికారీ తెలుగు అధ్యాపకుడూ కలిసి దిద్దవలసిన అభ్యాసం అది. ఇద్దరూ ఒకే తరగతిలో కూర్చోవడానికి ప్రస్తుత కాలపట్టికలో గంట కేటాయించి లేదు.