శూన్యభార స్థితి: డేటాషీట్ గ్రాఫ్‌లో కనిపించనిది

స్విచ్చింగ్ సప్లైల డేటాషీట్లలో లోడ్ ట్రాన్సియెంట్ గ్రాఫ్‌ను తరచు సగం లోడ్ నుంచి పూర్తి లోడ్‌కు గీస్తారు. అది సులువైన పరీక్ష. పిట్లంలోనైనా, హైదరాబాద్‌లోనైనా రాత్రంతా సాకెట్‌లో ఖాళీగా ఉన్న ఛార్జర్‌కు ఫోను తగిలించినప్పుడే అసలు పరీక్ష.

ప్రైమరీ వైపు నుంచి నియంత్రించే ఫ్లైబ్యాక్‌లో, స్విచ్ పనిచేసిన క్షణంలోనే కంట్రోలర్‌కు అవుట్‌పుట్ వోల్టేజి తెలుస్తుంది. లోడ్ లేనప్పుడు మిల్లీసెకనుకు ఒక్క పల్సే వస్తోందనుకోండి. పల్స్ ముగియగానే 1 ఆంపియర్ లోడ్ పడితే, తరువాతి పల్స్ దాకా 1000 మైక్రోఫారడ్ కెపాసిటరే దాన్ని మోయాలి. 5 వోల్టులు 4కు దిగుతాయి.

దీనికి డమ్మీ రెసిస్టర్ పెట్టమనే సలహా నాకు నచ్చదు. 1 కిలోఓమ్ రెసిస్టర్ ఒక్కటే నిరంతరం 25 మిల్లీవాట్లు తింటుంది. 49 వాట్ల వరకు అడాప్టర్లకు ఐరోపా సమాఖ్య 2019/1782 నిబంధన ఇచ్చిన శూన్యభార పరిమితి 100 మిల్లీవాట్లే. వోల్టేజి పడగానే సెకండరీ వైపు నుంచి కంట్రోలర్‌ను మేల్కొలిపే సంకేతం పంపడం మేలు. కాకపోతే అదనంగా ఒక చిప్ కావాలి.