అంతర్యుద్ధంలో ‘అంతర్’ ఎంత?

‘ఫర్ సమా’ డాక్యుమెంటరీ చూస్తున్నంతసేపూ విమానాల మోత, బాంబుల చప్పుడు మనల్ని వదలవు. విమానం నడిపేవాడు మాత్రం ఒక్కసారి కూడా కనపడడు. పసిపిల్లల మొహాలు, డాక్టర్ల మొహాలు, నేల మీద రక్తం తుడిచే చేతులు, అన్నీ చాలా దగ్గరగా కనిపిస్తాయి. చంపుతున్నవాళ్ళకే మొహం లేదు. ఇది సినిమాకి బలమా, లోటా? చూసిన రోజు నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ముందు సినిమా గురించి కొంచెం. వాద్ అల్-కతీబ్ అలెప్పో యూనివర్సిటీలో చదువుకుంటున్న రోజుల్లో అసద్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా నిరసనలు మొదలయ్యాయి. వాటిని ఫోన్‌తో తీయడం మొదలుపెట్టింది. అక్కడే హమ్జా అనే డాక్టర్‌తో స్నేహం, ప్రేమ, పెళ్ళి. 2016 జనవరి 1న కూతురు సమా పుట్టింది. అదే ఏడాది వేసవిలో తూర్పు అలెప్పో చుట్టూ ముట్టడి బిగిసింది. హమ్జా నడిపే ఆస్పత్రే వాళ్ళ ఇల్లయింది. డిసెంబరులో నగరం వదిలి వెళ్ళేదాకా వాద్ కెమెరా ఆపలేదు. ఎడ్వర్డ్ వాట్స్‌తో కలిసి 2019లో దాన్ని సినిమా చేసింది. బాఫ్టా వచ్చింది, ఆస్కార్ నామినేషన్ వచ్చింది. సినిమా మొత్తం కూతురికి చెప్పుకుంటున్న సంజాయిషీలా సాగుతుంది: మేం ఎందుకు పారిపోలేదు, నిన్ను ఎందుకు అక్కడే ఉంచాం అని.

ఇందులో ఒక సన్నివేశం చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. బాంబు దాడిలో గాయపడ్డ నిండు గర్భిణికి ఆపరేషన్ చేసి బిడ్డని బయటికి తీస్తారు. బిడ్డలో కదలిక లేదు. వీపు రుద్దుతారు, తలకిందులుగా పట్టుకుని తడతారు. ఎంతకీ చలనం లేదు. మనం ఆశ వదిలేసుకున్నాక ఆ బిడ్డ కళ్ళు తెరిచి ఏడుస్తుంది. కట్ చేయకుండా అంతసేపు మనల్ని అక్కడే కూర్చోబెట్టడం వాద్ తీసుకున్న నిర్ణయం. మంచి నిర్ణయం.

మరి రష్యా ఎక్కడుంది? 2015 సెప్టెంబరు 30న రష్యా విమానాలు సిరియాలో దాడులు మొదలుపెట్టాయి. చట్టబద్ధమైన ప్రభుత్వం పిలిస్తే టెర్రరిస్టుల మీదికి వచ్చామన్నది మాస్కో చెప్పిన మాట. అప్పటికే ఇరాన్ డబ్బు, సైనిక సలహాదారులు, లెబనాన్ నుంచి హిజ్బుల్లా మనుషులు అసద్ వైపు ఉన్నారు. ఇరాన్‌లో తలదాచుకున్న ఆఫ్ఘన్ శరణార్థుల్ని కూడా ఈ యుద్ధానికి పంపారు. సినిమాలో రష్యా పేరు వాద్ మాటల్లో వస్తుంది. గొంతు వినిపించాల్సిన చోట మాత్రం ఒక ఫోన్ కాల్ కబురు మిగులుతుంది. ఐక్యరాజ్యసమితి నుంచి హమ్జాకి ఫోన్ వస్తుంది: లొంగిపోతే ప్రాణాలు దక్కుతాయని రష్యన్లు చెప్పమన్నారట. అంతే. చంపగలిగినవాడు నేరుగా మాట్లాడడు, మధ్యవర్తితో చెప్పిస్తాడు.

ఆ వీధిలో ఉన్నవాళ్ళకి విదేశీ శక్తి అనుభవమయ్యేది ఇలాగే కాబట్టి, సినిమా నిజమే చూపించింది. వాద్ స్టూడియోలో ఒక నిపుణుణ్ణి కూర్చోబెట్టి మ్యాపు చూపించి ఉంటే ఆ నిజం పలచబడేది. ఇంకో లోటు మాత్రం నాకు కనిపిస్తుంది. తూర్పు అలెప్పోని పట్టుకుని ఉన్న సాయుధ దళాలు సినిమాలో దాదాపు లేవు. వాటిలో అల్-ఖైదా నుంచి వచ్చిన వర్గం కూడా ఉండేది. పైవాడు కనపడకపోవడానికి కారణం దూరం. పక్కవాడు కనపడకపోవడం మాత్రం దర్శకుల ఎంపిక.

ఈ ఖాళీల వల్ల అసలు నష్టం మనలాంటి దూరపు ప్రేక్షకులకి. సినిమా అయ్యాక ‘యుద్ధం ఎంత ఘోరం’ అనుకుని లేస్తాం. తుఫాను గురించి కూడా అలాగే అంటాం కదా. తుఫానుకి సంతకం ఉండదు, ఈ బాంబులకి ఉంది.

2016 అక్టోబరు 8న, ముట్టడి సాగుతుండగానే, అలెప్పో మీద బాంబు దాడులు ఆపాలన్న తీర్మానం భద్రతామండలి ముందుకొచ్చింది. 11 దేశాలు ఔనన్నాయి. రష్యా వీటో చేసింది. సిరియా విషయంలో అది వాడిన మొదటి వీటో 2011 అక్టోబరులో, చైనాతో కలిసి. అప్పుడు మండలిలో మన దేశమూ ఉంది. ఓటెయ్యకుండా ఊరుకుంది. నాలుగు నెలల తర్వాత వచ్చిన తీర్మానానికి మాత్రం అనుకూలంగా ఓటేసింది.

తెలుగు పాఠకుల్లో చాలామందికి మాస్కో అంటే మొదట పుస్తకాల చిరునామా. ప్రగతి, రాదుగ ప్రచురణలు, విశాలాంధ్ర దుకాణం, గట్టి అట్ట, రంగుల బొమ్మలు, చవక ధర. ఆ దేశం 1991లోనే పోయింది, మమకారం మిగిలింది. సామ్రాజ్యవాదం అన్న మాట వినగానే మన వేలు వాషింగ్టన్ వైపు తిరుగుతుంది. ఇరాక్ విషయంలో అది సరైన వైపే తిరిగింది. సిరియాలోనూ అమెరికా, టర్కీ, సౌదీ, ఖతార్ తమకు నచ్చిన తిరుగుబాటు దళాలకి డబ్బూ ఆయుధాలూ ఇచ్చాయి. రక్కాలో అమెరికా బాంబులకి మామూలు జనం చచ్చిపోయారు. అవన్నీ రాయాల్సిందే. కానీ ‘అదంతా అమెరికా కుట్ర’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సమా తల మీద తిరిగిన విమానం మాయమైపోతుంది. బాధితుల పక్షం అని చెప్పుకునే సాహిత్యం బాంబు వేసినవాడి జెండా చూసి గొంతు సవరించుకోకూడదు.

మా వృత్తిలో డిపెండెన్సీ అంటాం. ప్రోగ్రాం తనంతట తనే నడుస్తున్నట్టు ఉంటుంది. అడుగున ఎవరో రాసిన లైబ్రరీ తీసేస్తే కుప్పకూలుతుంది. 2024 నవంబరు 27న తిరుగుబాటు దళాలు అలెప్పో వైపు కదిలాయి. రష్యా ఉక్రెయిన్‌లో కూరుకుపోయి ఉంది, హిజ్బుల్లా ఇజ్రాయెల్ దెబ్బలకి చితికిపోయి ఉంది. డిసెంబరు 8కల్లా డమాస్కస్ చేజారింది. అసద్ తేలింది మాస్కోలో. ఆ తర్వాత వచ్చినవాళ్ళు మంచివాళ్ళని దీని అర్థం కాదు. పదమూడేళ్ళు మనం అంతర్యుద్ధం అని పిలిచినదాన్లో ‘అంతర్’ ఎంతో మాత్రం ఆ పన్నెండు రోజుల్లో తెలిసిపోయింది.

అందుకే ‘ఫర్ సమా’ చూడమనే చెప్తాను. చూశాక ఆ అక్టోబరు 8 సమావేశం రికార్డు కూడా వెతికి చదవండి. ఏడుపు రాదు, చాలా చప్పగా ఉంటుంది. భద్రతామండలిలో ఓటెయ్యడమంటే చెయ్యెత్తడమే. సినిమాలో ఎక్కడా కనపడని చెయ్యి అక్కడ కనపడుతుంది.