వలలను గూర్చిన గ్రంథములు: ఒక పరిశీలన

చేపల వలలో ముడులుండును. ముడికిని ముడికిని నడుమ దారముండును. రైలు స్టేషనులను ముడులుగను, వానిని కలుపు పట్టాలను దారములుగను భావించినచో దేశమందలి రైలు మార్గములన్నియు ఒక పెద్ద వల యగును. కంప్యూటర్లు, విద్యుత్కేంద్రములు, మెదడులోని నాడీకణములు, ఒకరినొకరు ఎరిగిన మనుష్యులు కూడ ఇట్టి వలలే. వీని నిర్మాణమును, వీనినుండి పుట్టు సంక్లిష్టతను సామాన్యులకు బోధించు ఆంగ్ల గ్రంథములు ఈ శతాబ్ది ఆరంభమునుండి విరివిగా వెలువడినవి. వానిలో నాలుగు ఎక్కువగా చదువబడినవి: బరాబాసి రచించిన ‘లింక్డ్’ (2002), వోల్‌ఫ్రమ్ రచించిన ‘ఎ న్యూ కైండ్ ఆఫ్ సైన్స్’ (2002), డంకన్ వాట్స్ రచించిన ‘సిక్స్ డిగ్రీస్’ (2003), మెలనీ మిచెల్ రచించిన ‘కాంప్లెక్సిటీ: ఎ గైడెడ్ టూర్’ (2009).

ఇట్టి పుస్తకములపై పాఠకుల అభిప్రాయములు రెండు తెగలు. గణితపు బరువు లేకుండ కథవలె సాగినవని కొందరు మెచ్చుకొందురు. ఒకే సూత్రమును లోకమందలి సమస్తమునకు అంటగట్టినారని మరికొందరు నిందింతురు. రెండింటను సత్యము కలదు గాని, విజ్ఞాన గ్రంథమునకు విలువ కట్టుటకు ఇవి చాలవు. అందు చెప్పిన మాటను పాఠకుడు తానెరిగిన వలపై పరీక్షించి చూడగలడా? ఇదియే అసలు ప్రశ్న.

ఉయ్యూరు విద్యార్థికి అట్టి వలలు రెండు దాపుననే కలవు. ఒకటి కృష్ణా కాలువలు, రెండవది విజయవాడ రైలు కూడలి.

‘లింక్డ్’ గ్రంథములోని ప్రధాన విషయమిది. అనేక వలలలో అధికభాగము ముడులకు లంకెలు కొద్దిగా నుండును. ఏ కొన్నిటికో లెక్కకు మిక్కిలిగా నుండును. ఇట్టివానికి స్కేల్-ఫ్రీ వలలని పేరు. అక్కడక్కడ కొన్ని ముడులు చెడినను ఇట్టి వల నిలుచును. పెద్ద కూడలులు చెడినచో కూలును. ఈ మాటను కాలువలపై పెట్టి చూతము. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజివద్ద బయలుదేరిన నీరు పెద్ద కాలువలనుండి పుల్లేరు వంటి కాలువలకును, వానినుండి పిల్లకాలువలకును, తుదకు పంట బోదెలకును చేరును. ఇది ముఖ్యముగా చెట్టు కొమ్మల వంటి నిర్మాణము. ఏ కొమ్మకు గండి పడినను దాని దిగువనున్న శివారు భూములకు నీరు రాదు. వేరొక దారి లేదు. కాబట్టి ‘అక్కడక్కడ చెడినను ఫరవాలేదు’ అను సూత్రము ఇచట పనికిరాదు.

బరాబాసి ఈ భేదము నెరుగనివాడు కాడు. రహదారుల పటమును, విమాన మార్గముల పటమును పోల్చి, మొదటిదానిలో పెద్ద కూడలులుండవని ఆయనయే చెప్పెను. కాని తరువాతి అధ్యాయములలో ఉదాహరణలు ఒకదానిపై నొకటి గుప్పించుటచే, పాఠకుని మనస్సున ఆ హద్దు చెరగిపోవుచున్నది. 2019లో బ్రోయిడో, క్లాసెట్ అనువారు దాదాపు వేయి వలలను పరీక్షించి, బలమైన సాక్ష్యముతో స్కేల్-ఫ్రీ అనదగినవి నూటికి నాలుగే అని ప్రకటించిరి. ఆ కొలబద్ద మిక్కిలి కఠినమని బరాబాసి ఆక్షేపించెను. వాదమెట్లున్నను, నిర్వివాదమైన సత్యముగా ఆ సూత్రమును తరగతిలో చెప్పరాదు.

ఇక రైళ్ల సంగతి. విజయవాడ పెద్ద జంక్షను. కాని పట్టాలను లెక్కించినచో అచటినుండి చీలు మార్గములు ఐదే: కాజీపేట, విశాఖపట్నము, గూడూరు, గుంటూరు, గుడివాడ వైపులకు. ఒకే రైలు ఆగు రెండు స్టేషనుల నడుమ లంకె కలదని భావించినచో విజయవాడ లంకెలు ఎన్నో రెట్లు పెరుగును. అనగా లంకె అనగా నేమో ముందు నిర్ణయింపక కూడలి అనుట వ్యర్థము. 2003లో కలకత్తా శాస్త్రజ్ఞులు ఈ రెండవ నిర్వచనముతోనే భారత రైళ్లను పరిశీలించిరి. ఏ స్టేషనునుండి ఏ స్టేషనుకైనను సగటున రెండు మూడు రైళ్లలో చేరవచ్చునని తేలినది. అనగా ఇది ‘చిన్న ప్రపంచమే’. కాని లంకెల పంపిణీ స్కేల్-ఫ్రీ రీతిని లేదు. ఒక లక్షణమున్నంత మాత్రమున రెండవది ఉండవలెనను నియమము లేదు.

చిన్న ప్రపంచపు విషయమున వాట్స్ గ్రంథము మేలైనది. లోకములో ఏ ఇద్దరి నడుమనైనను ఆరు పరిచయములే యను మాట అందరును విన్నదే. దానికి ఆధారమని చెప్పబడు మిల్‌గ్రమ్ ప్రయోగములలో, 1969లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, 296 మందితో ఆరంభించిన గొలుసులలో గమ్యము చేరినవి 64 మాత్రమే. ఈ ప్రయోగముల లోపములను వాట్స్ మరుగుపరచక చర్చించెను.

వోల్‌ఫ్రమ్ గ్రంథము దాదాపు 1,200 పుటలది. ఆత్మస్తుతి అధికమని పాఠకులు విసుగుకొనుట న్యాయమే. అయినను అందొక సుగుణము కలదు. గళ్ల కాగితముపై నడుమ ఒక గడిని నల్లచేయుడు. పై వరుసలో తన ఎడమ, కుడి వైపులనున్న రెండు గళ్లలో సరిగా ఒకటియే నల్లనిదైనప్పుడు క్రింది గడిని నల్లచేయవలెను. ఇరువది వరుసలు నింపునప్పటికి త్రికోణములలో త్రికోణములు కనిపించును. అల్ప సూత్రమునుండి సంక్లిష్ట రూపము పుట్టుటను ఎనిమిదవ తరగతి బాలుడు పెన్సిలుతోనే చూడగలడు. కాని దీనినుండి మిక్కిలి సరళములు కాని ప్రకృతి వ్యాపారములు దాదాపు అన్నియు గణన శక్తిలో సమానములేయని చేసిన సిద్ధాంతమును అట్లు సరిచూడ వీలులేదు.

నాలుగింటను ఉపాధ్యాయులు మొదట చదువదగినది మిచెల్ గ్రంథము. సంక్లిష్టతకు ఒక్క నిర్వచనము లేదని చెప్పి, పలువురి కొలతలను ప్రక్కప్రక్కన నిలిపి, వలల సూత్రములపై వచ్చిన సందేహములను గూడ ఆమె వివరించెను. ఇందు ఉత్కంఠ తక్కువయని కొందరి ఫిర్యాదు. తేలని విషయమును తేలలేదని చెప్పుటలో ఉత్కంఠ తగ్గుట సహజమే, దానిని లోపమనరాదు.

తెలుగువారికి ఈ శాస్త్రము పరాయిది కాదు. కాలిఫోర్నియాలో ఆచార్యులుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు సంక్లిష్ట వ్యవస్థల నమూనాలపై 1978లోనే ఆంగ్లమున పాఠ్యగ్రంథము వెలువరించిరి. తెలుగున ‘జీవరహస్యం’ వంటి జనరంజక గ్రంథములు వ్రాసిరి.

ఉపాధ్యాయులు ఈ పుస్తకములలోని ఒక్కొక్క వాక్యమును విద్యార్థులచే పరీక్షింపజేయుట మంచిది. ఊరి వీధుల పటము గీయించి ప్రతి కూడలికి ఎన్ని వీధులు చేరినవో లెక్కింపించినచో, మూడు నాలుగు మించినవి అరుదని వారే కనుగొందురు. అటుపిమ్మట ఏ గ్రంథము చదివినను, ‘ఇది ఏ వలకు చెల్లును, ఏ వలకు చెల్లదు?’ అని ప్రశ్నించుట వారికి అలవాటగును.