మంత్రి, పరిచారకుడు: ఒక మాటకు రెండు అనువాదాలు

మా కోటలో పాఠం మధ్య ఒక కుర్రవాడు అడిగాడు: "సార్, చర్చిలో మినిస్టరంటే పరిచారకుడంటారు. పేపర్లో మినిస్టరంటే మంత్రి అంటారు. ఏది సరి?" నవ్వి దాటెయ్యగలిగిన ప్రశ్న కాదిది. మన సాహిత్య విమర్శ చాలాకాలంగా వేసుకోకుండా వదిలేసిన ప్రశ్న.

లాటిన్‌లో 'మినిస్టర్' అంటే సేవకుడు. 'తక్కువ' అనే అర్థమిచ్చే మాటకు చుట్టం. 'ఎక్కువ' నుంచి పుట్టిన 'మగిస్టర్' దానికి ఎదురుమాట; మన మాస్టరూ, మేజిస్ట్రేటూ దాని సంతానమే. దేవుణ్ణి కొలిచేవాడూ, రాజు పని చేసేవాడూ ఇద్దరూ మినిస్టర్లయ్యారు.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో పాదుకొంది. తెలుగు క్రైస్తవుల వాడుకలో మినిస్టరు పరిచారకుడు, ఆయన పని పరిచర్య. ఈ మాట కొత్తది కాదు. దేవాలయంలో అర్చకుడికి సాయపడే పరిచారకుడు మనకు తెలిసినవాడే.

ప్రభుత్వం వైపు మాత్రం 'మంత్రి' నిలిచింది. 'మన్' ధాతువుకు ఆలోచించడమని అర్థం. యజ్ఞశాలలో మంత్రం స్తుతి. రాజసభలో మంత్రం రహస్యాలోచన. చిలకలూ గోరువంకలూ కూడా మంత్రాలోచనను బయటపెట్టాయట, జాగ్రత్త అంటుంది కౌటిల్యుని అర్థశాస్త్రం. అమాత్యుడంటే ఇంటివాడు, సచివుడంటే తోడుండేవాడు. ఈ మూడు మాటల్లో ఎక్కడా సేవకుడు లేడు. ఒకే మాట తెలుగులోకి వస్తూ సేవను గుడి వాకిట దింపి, రహస్యాన్ని సచివాలయానికి తీసుకుపోయింది.

ఇది నిఘంటువు ముచ్చట కాదు. రాజ్యాంగం మూడో షెడ్యూలు ప్రకారం మంత్రి రెండు ప్రమాణాలు చేస్తాడు. ఒకటి పదవికి, రెండోది గోప్యతకు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చేదాకా ఆ తలుపు సందులోంచి చూసేందుకు సామాన్యుడికి దేశమంతటా వర్తించే చట్టమంటూ లేదు.

ఇక మన నెల్లూరి తిక్కన. 13వ శతాబ్దంలో మనుమసిద్ధికి మంత్రి. యజ్ఞం చేసిన సోమయాజి. మంత్రమనే మాటలోని రెండర్థాలూ ఒక్క మనిషిలో కలిశాయి. ఆయన తెనిగించిన భాగంలోనే, ఉద్యోగపర్వంలో, విదురుడు ధృతరాష్ట్రుడికి రాత్రంతా నీతి చెబుతాడు. విదురుడు దాసీపుత్రుడు. భారతంలో అతణ్ణి పిలిచే 'క్షత్త' అనే మాటకు పరిచారకుడు, ద్వారపాలకుడు అనే అర్థాలున్నాయి. కుర్రవాడి ప్రశ్నలో విడిపోయిన రెండు మాటలూ ఇక్కడ ఒకడే మోస్తున్నాడు. మనం విదురనీతిని సూక్తుల మూటగా కట్టి పరీక్షల్లో రాయిస్తున్నాం. ఆ సలహా చెప్పిన నోటికి సింహాసనం ఎందుకు అందలేదో, విన్న రాజు ఎందుకు పాటించలేదో అడగడం లేదు.

అలాగని మంత్రిని 'ప్రజాసేవకుడు' అని పిలిస్తే సరిపోతుందనుకోవడం భ్రమ. సన్మానపత్రాల్లో ఆ బిరుదు ఎప్పటినుంచో ఉంది. పరిచారకుడని పిలిచినంతమాత్రాన పీఠం మీది పెత్తనం కూడా పోదు. మాట మారితే అధికారం మారదు. కాని మాటను విప్పి చూస్తే అధికారం ఎక్కడ దాగిందో తెలుస్తుంది.

రచయితలూ, విద్యార్థులూ ఈ మాట తగిలినప్పుడల్లా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇతను ఎవరికి సేవకుడు? ఇతని ఆలోచన ఎవరి దగ్గర రహస్యం? కుర్రవాడికి నేను చెప్పిన జవాబు కూడా ఇంతే: "రెండూ సరే. తేడా ఎందుకొచ్చిందో అడుగుతూ ఉండు."