ఎస్కర్ చేపలు, బాహుబలి జలపాతం

డచ్చి చిత్రకారుడు ఎం.సి. ఎస్కర్ 1964లో చెక్కిన ‘స్క్వేర్ లిమిట్’ అనే చెక్కముద్రలో చేపలు నడిమి నుంచి అంచులకు పోయేకొద్దీ చిన్నవవుతూ చతురస్రమంతా నిండిపోతాయి. 1982లో పీటర్ హెండర్సన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఆ బొమ్మను రాబట్టడానికి ఏ చేప ఎక్కడుండాలో లెక్కలు కట్టలేదు. కొన్ని చేప ముక్కలు, బొమ్మను తిప్పే ఫంక్షన్, రెండు బొమ్మల్ని పక్కపక్కన పెట్టే ఫంక్షన్, ఒకదాని కింద ఒకటి పెట్టే ఫంక్షన్: ఆయన సరంజామా దాదాపుగా అంతే. ఆ ఆలోచనే ఎంఐటీ ఆచార్యులు హెరాల్డ్ ఏబెల్సన్, జెరాల్డ్ సస్‌మన్ రాసిన ‘స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్’లో ‘బొమ్మల భాష’ అనే పాఠంగా స్థిరపడింది. 1985లో వచ్చి, 1996లో రెండో కూర్పు పొందిన ఈ పుస్తకాన్ని ప్రపంచమంతా ‘సిక్‌పీ’ అని పిలుస్తుంది.

ఇటు హైదరాబాద్‌లో ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్. రామానాయుడు స్టూడియో గుట్ట నుంచి అన్నపూర్ణ స్టూడియో దాకా సినిమాతో బతికే ఈ వీధుల్లో ‘సీజీ’ (కంప్యూటర్ గ్రాఫిక్స్) మాట వినపడని రోజుండదు. మగధీర (2009), ఈగ (2012), బాహుబలి రెండు భాగాలు (2015, 2017), ఆర్ఆర్ఆర్ (2022): అన్నిటికీ స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగంలో జాతీయ అవార్డులు వచ్చాయి. ఇలాంటి షాట్లలో ముక్కలన్నిటినీ చివరికి ఒక్క ఫ్రేములోకి కలిపే పనిని కంపోజిటింగ్ అంటారు. దానికి విరివిగా వాడే సాఫ్ట్‌వేర్ న్యూక్. 1993లో అమెరికాలోని డిజిటల్ డొమైన్ సంస్థ సొంత అవసరానికి రాసుకున్నది, 2007 నుంచి లండన్‌లోని ఫౌండ్రీ చేతిలో ఉంది. దాని ముందు కూర్చున్న కుర్రాడితో ‘నువ్వు చేస్తున్నది ఫంక్షనల్ ప్రోగ్రామింగ్’ అంటే నవ్వేస్తాడు. చేస్తున్నది మాత్రం అదే.

ఒకటి పాఠ్యపుస్తకం, ఇంకొకటి పనిముట్టు. అయినా రెండూ నేర్పే వస్తువులే కాబట్టి పక్కపక్కన పెట్టి చదవవచ్చు. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌కు మూడు పట్టింపులున్నాయి: చేతికిచ్చిన సరుకును పాడుచేయకూడదు, పెద్ద పనిని చిన్న పనుల గొలుసుగా కట్టాలి, పనినే ఒక విలువలా ఇంకో పనికి అప్పగించగలగాలి. మొదటి రెండిటినీ న్యూక్ నేర్పినంత గట్టిగా సిక్‌పీ నేర్పలేదు. మూడోదాన్ని సిక్‌పీ మాత్రమే నేర్పుతుంది. మన ఇంజనీరింగ్ కాలేజీలు మూడిటినీ దాటవేసి భాషల పేర్లు నేర్పుతున్నాయి.

న్యూక్‌లో షాట్ అంటే నోడ్ల గొలుసు; ఒక్కో నోడ్ ఒక్కో చిన్న పని చేసే గడి. రీడ్ నోడ్ కెమెరా తీసిన మూల బొమ్మను, అంటే ప్లేటును తెస్తుంది, కీయర్ పచ్చ తెరను తీసేస్తుంది, గ్రేడ్ రంగు సరిచేస్తుంది, మెర్జ్ ఒకదాన్ని ఇంకోదాని మీద వేస్తుంది, రైట్ నోడ్ ఫలితాన్ని కొత్త ఫైలుగా రాస్తుంది. ఏ నోడూ తనకు వచ్చిన బొమ్మను మార్చదు, దాన్నుంచి కొత్త బొమ్మను పుట్టిస్తుంది. మూల ప్లేటు డిస్కు మీద చెక్కుచెదరకుండా ఉంటుంది. డైరెక్టర్ నలభయ్యోసారి ‘మబ్బు ఇంకాస్త తగ్గించండి’ అన్నా కంగారు పడక్కర్లేకపోవడానికి కారణం ఇదే. నోడును పట్టుకుని ఒకటో అంకె కొడితే ఆ దశలో బొమ్మ ఎలా ఉందో తెరమీద కనపడుతుంది. సిక్‌పీ చదివే విద్యార్థి అదే పరిశీలనకు కాగితం మీద ప్రతిక్షేపణలు చేసుకుంటూ పోవాలి. తప్పు ఏ మెట్టు దగ్గర దూరిందో వెతికే అలవాటును పుస్తకం బుద్ధికి చెబుతుంది, న్యూక్ కంటికి చూపిస్తుంది.

మెర్జ్ నోడు వెనక ఒక బీజగణితమే ఉంది. 1984లో లూకాస్‌ఫిల్మ్‌కు చెందిన థామస్ పోర్టర్, టామ్ డఫ్ బొమ్మ మీద బొమ్మ వేయడాన్ని గణిత చర్యలుగా సూత్రీకరించారు. అందులో ‘ఓవర్’ అనే చర్యకు బడి లెక్కల్లో మనం చదువుకున్న సహచర ధర్మం ఉంది, స్థిత్యంతర ధర్మం లేదు. అంటే కోట మీద పొగ వేసి, ఆ జంటను ఆకాశం మీద వేసినా, ముందు ఆకాశం మీద కోట వేసి ఆపైన పొగ వేసినా ఒకే బొమ్మ వస్తుంది. పొగనూ కోటనూ తారుమారు చేస్తే మాత్రం వేరే బొమ్మ. పొగ, కోట జంటను ఒక బృందం ముందే కలిపి ఇవ్వగలగడం ఈ ధర్మం చలవే. అయితే రంగును పారదర్శకతతో ముందే గుణించి ఉంచినప్పుడే సూత్రం ఇంత సాఫీగా నడుస్తుంది. ఆ గుణకారం ఎక్కడో తప్పితే మనిషి చుట్టూ నల్లటి అంచు తేలుతుంది. ఆ అంచును పోగొట్టే చిట్కా స్టూడియోలో దొరుకుతుంది. అది ఎందుకొచ్చిందో చెప్పే వాదన పుస్తకపు తరహా చదువులోనే దొరుకుతుంది.

ఇంకో పోలిక మరీ ముచ్చటైనది. న్యూక్ పై నుంచి కిందికి లెక్కలు వేసుకుంటూ రాదు. కింద ఉన్న వ్యూయర్ ‘నాకు ఈ భాగం కావాలి’ అని అడిగితే ఆ కోరిక గొలుసు వెంట పైకి పాకుతుంది. బొమ్మలో అడిగిన అడ్డ వరసలు, అడిగిన చానెళ్లు మాత్రమే తయారవుతాయి. సిక్‌పీ మూడో అధ్యాయంలోని ‘స్ట్రీమ్’లు, నాలుగో అధ్యాయంలోని ‘లేజీ’ ఇంటర్‌ప్రెటర్ చెప్పేది ఇదే సూత్రం: అవసరం పడేదాకా పని చేయకు. పుస్తకంలో ఇది ఆలస్యంగా వచ్చే గడ్డు పాఠం. న్యూక్ నేర్చుకునేవాడు తొలిరోజు నుంచే ఆ సుఖం అనుభవిస్తాడు, దానికో సూత్రం ఉందని మాత్రం తెలుసుకోడు.

ఇక్కడిదాకా పనిముట్టుదే పైచేయి. మూడో పట్టింపు దగ్గర త్రాసు తిరగబడుతుంది. సిక్‌పీ బొమ్మల భాషలో బొమ్మ కూడా ఫంక్షనే: ఏ చట్రం ఇస్తే ఆ చట్రంలో తనను తాను గీసుకుంటుంది. అక్కడ నాలుగు పనుల్ని తీసుకుని, వాటిని నాలుగు మూలలా వాడే కొత్త పనిని తయారుచేసి ఇచ్చే ఫంక్షన్ ఉంది. పని లోపలికి వెళుతుంది, పనే బయటికి వస్తుంది. న్యూక్‌లో నోడ్లను కట్టకట్టి గ్రూపుగానో గిజ్మోగానో దాచుకోవచ్చు, బయటికి రెండు మూడు మీటలు పెట్టుకోవచ్చు. ‘ఈ గొలుసును తీసుకుని ప్రతి సైనికుడి మీదా ప్రయోగించు’ అని ఒక నోడుకు ఇంకో నోడును అప్పగించే వీలు లేదు. అందుకోసం పైథాన్ స్క్రిప్టు రాసి నోడ్ల నకళ్లు పుట్టించాలి. నోడ్ల భాషకు చేతగానిది ఇంకో భాష బయటి నుంచి చేసిపెడుతుంది.

ఈ లోటు ఇంకో చోట కూడా బయటపడుతుంది. బాహుబలిని తెలుగు, తమిళ భాషల్లో తీశారు. అలా డైలాగ్ షాట్‌ను రెండు భాషల్లో విడివిడిగా తీసినప్పుడు, నోడ్ల పటం చూస్తే ఒక్క రీడ్ నోడు మారిస్తే చాలనిపిస్తుంది. చాలదు. నటుడి ఆకారం చుట్టూ ఫ్రేము ఫ్రేముకూ చేత్తో గీసిన రోటో, కెమెరా ట్రాకింగు అంకెలు పాత ప్లేటుకే కట్టుబడి నోడ్ల కడుపులో ఉంటాయి. బయటి నుంచి రావలసిన విలువ లోపల స్థిరాంకమై కూర్చుంది. చూడటానికి ఫంక్షన్, నిజానికి ఒకే ప్లేటుకు కుట్టిన చొక్కా. ఏది మారుతుందో, ఏది మారదో ముందే విడదీసే చూపును సిక్‌పీ మొదటి అధ్యాయం నుంచే సానపడుతుంది.

మరి కాలం సంగతి? బాహుబలి మొదటి భాగంలో కథానాయకుడు శివుడు ఎగబాకే జలపాతం లాంటి నీటిని కంప్యూటర్‌లో పారించాలంటే నూరో ఫ్రేముకు తొంభై తొమ్మిదో ఫ్రేము కావాలి. విడి ఫ్రేములను వేర్వేరు యంత్రాలకు పంచినట్టు సిమ్యులేషన్‌ను పంచలేం. ‘ఇచ్చింది మార్చకు’ అన్న నియమం ఇక్కడ బీటలు వారుతుంది. సిక్‌పీ గొప్పతనం కూడా ఇక్కడే తెలుస్తుంది. రెండు అధ్యాయాల పాటు విలువ మార్చే ఆదేశాన్ని విద్యార్థి కంట పడనివ్వదు. మూడో అధ్యాయంలో బ్యాంకు ఖాతా ఉదాహరణతో దాన్ని తెచ్చి, తెచ్చినందుకు ఏమేం కోల్పోయామో లెక్క చెబుతుంది. ఆపైన స్ట్రీమ్‌లతో ఒక దారి చూపిస్తుంది: మారే వస్తువును, మారని విలువల వరసగా చూడు. స్టూడియోలో చేసేదీ అదే. ప్రతి ఫ్రేములోని నీటి స్థితిని డిస్కు మీద క్యాష్‌గా రాసుకుంటారు. రాశాక అది మళ్లీ మారని వరస, ఏ యంత్రమైనా ఏ ఫ్రేమునైనా అందుకోవచ్చు. పుస్తకం వాదనతో చేరిన చోటికే ఫిల్మ్‌నగర్ గడువు ఒత్తిడితో చేరింది.

ఇక భాషలు దాటే మాట. బాహుబలి మొదటి భాగం పని మకుట, ఫైర్‌ఫ్లై, అన్నపూర్ణ, ప్రసాద్ ఈఎఫ్‌ఎక్స్ మొదలు కొరియాలోని మాక్రోగ్రాఫ్ దాకా ఎన్నో సంస్థల మధ్య నడిచింది. ఒక్క సంస్థలోనే ఎన్నో ప్రోగ్రామింగ్ భాషలుంటాయి. న్యూక్ షాట్ ఫైలు టీసీఎల్ భాషలోని పాఠం, మీటల వెనక స్క్రిప్టులు పైథాన్, పిక్సెళ్ల లెక్క సీ ప్లస్ ప్లస్. హుడిని అనే సాఫ్ట్‌వేర్ కూడా వాడితే దాని వెక్స్ భాష అదనం. ఇవన్నీ కలిసి బతకడానికి ఆధారం మధ్యలో చేతులు మారే మారని విలువలు: ఐఎల్ఎమ్ అనే ఎఫెక్ట్స్ సంస్థ 2003లో అందరికీ విడుదల చేసిన ఓపెన్ ఈఎక్స్ఆర్ బొమ్మలు, 2011లో వచ్చిన అలెంబిక్ ఆకారాలు. 2015లో రెండర్ చేసిన ఈఎక్స్ఆర్ ఫ్రేము ఇవాళా తెరుచుకుంటుంది. అప్పటి పైథాన్ 2 స్క్రిప్టులను మాత్రం, 2020తో ఆ భాషకు మద్దతు ఆగిపోయాక, తిరగరాసుకోవలసి వచ్చింది.

సిక్‌పీ కూడా భాష దాటింది. స్కీమ్ భాషలో పుట్టిన పుస్తకానికి 2022లో మార్టిన్ హెంజ్, టోబియాస్ వ్రిగ్‌స్టాడ్ జావాస్క్రిప్ట్ కూర్పు తెచ్చారు. ఆలోచన దాటింది, అయితే సుంకం కట్టి దాటింది. స్కీమ్‌లో ప్రోగ్రామే ఒక జాబితా కాబట్టి స్కీమ్‌ను స్కీమ్‌లోనే నడిపించే అధ్యాయం తేలిగ్గా సాగుతుంది. జావాస్క్రిప్ట్‌లో ముందుగా ప్రోగ్రాము రాతను విడగొట్టే పార్సర్‌ను పిలవాలి. ఫంక్షన్ చివర్లో తనను తాను పిలుచుకుంటే అదనపు జ్ఞాపకం ఖర్చు కాకూడదన్న నియమం 2015 జావాస్క్రిప్ట్ ప్రమాణంలో ఉన్నా, చాలా బ్రౌజర్లు దాన్ని పట్టించుకోలేదు. ఇక్కడే రెండు దాటుళ్ల తేడా తెలుస్తుంది. స్టూడియో విలువను దాటిస్తుంది, విధానాన్ని ఇవతలి ఒడ్డునే వదిలేస్తుంది. అలెంబిక్ ఫైలు అందుకున్నవాడికి ఆకారం వస్తుంది, ఆ ఆకారం ఎలా పుట్టిందో రాదు. పుస్తకం విధానాన్ని దాటించబోతుంది కాబట్టి ప్రతి కొత్త భాష దగ్గరా బేరమాడాలి. ఎక్కువ భాషలు, తక్కువ గడువు ఉన్నచోట స్టూడియో దారే సరి. నేర్పేచోట పుస్తకం దారే సరి.

సిక్‌పీ లోపాలు చిన్నవి కావు. వర్గమూలాలు, అవకలనాలు, విద్యుత్ వలయాల ఉదాహరణలు ఎంఐటీ పిల్లలకు సరిపోతాయేమో గాని అందరికీ ఎక్కవు. ఫెలైసన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త బృందం ఇదే ఫిర్యాదుతో 2001లో ‘హౌ టు డిజైన్ ప్రోగ్రామ్స్’ రాసింది. ఎంఐటీ కూడా 2000ల చివర్లో సిక్‌పీ ఆధారంగా నడిచిన కోర్సును ఆపి పైథాన్ బాట పట్టింది. అయినా మన దగ్గర జరుగుతున్నదానికంటే సిక్‌పీ ఎంతో మేలు. జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ సిలబస్‌లో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్, ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్’ సబ్జెక్టులో ఒక చిన్న భాగంగా ఒదిగింది: లిస్ప్ వంటి భాషల పేర్లు, వాటి లక్షణాలు. భాషల పేర్లు రాసి మార్కులు తెచ్చుకున్నవాడు మూడు పట్టింపుల్లో ఒక్కటీ చేతిలో పెట్టుకోకుండా బయటికొస్తాడు.

2020లో దుర్గం చెరువు కేబుల్ వంతెన తెరిచాక జూబ్లీహిల్స్‌కూ సాఫ్ట్‌వేర్ మాదాపూర్‌కూ దూరం తగ్గింది. చదువుల మధ్య దూరం అలాగే ఉంది. తగ్గించాలంటే వరస మార్చాలి: మొదటి నెల నోడ్లు, తర్వాత సిక్‌పీ బొమ్మల భాష, లిస్ప్ వ్యాకరణం ఆఖర్న. రెండు తరగతులకూ ఒకే పరీక్ష పెట్టవచ్చు. ఒక షాట్ పటం ఇచ్చి మూడు ప్రశ్నలు అడగాలి. ఏ నోడ్లను వేరే యంత్రం మీద, వేరే భాషలో, పక్కవాడి ఫలితం కోసం ఆగకుండా నడపవచ్చు? ఏ నోడుకు ముందటి ఫ్రేము కావాలి? బయటి నుంచి రావలసిన ఏ విలువ నోడు లోపల ఇరుక్కుపోయింది? మొదటి రెండిటికీ ఫిల్మ్‌నగర్ కుర్రాడు తడుముకోకుండా జవాబు చెబుతాడు. మూడోది చెప్పగలిగినవాడు సిక్‌పీ పేరు వినకపోయినా దాని సారం చదివినట్టే.