స్విచ్చి ఏ తీగ మీద ఉంది?

ఈ వారం తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. "వసారాలో ఎల్‌ఈడీ బల్బు ఆర్పినా మిణుకుమిణుకుమంటూనే ఉందిరా, పాడు సరుకు అంటగట్టాడు" అని కొట్టువాణ్ని తిట్టిపోసింది. బల్బు మార్చి చూసినా అదే వరస.

ఆ ఇంటి వైరింగంటే నాకు ప్రాణమని ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మేస్త్రి ముందు సుద్ద పూసిన దారం గోడకు బిగించి, లాగి వదిలి గీత కొట్టేవాడు. ఆ గీత వెంట టేకు పట్టీ, దాని మీద బెత్తెడుకొకటి చొప్పున రేకు క్లిప్పులు, వాటి కింద జంటగా తీగలు. మూల తిరిగేచోట తీగ నలగకుండా గుండ్రంగా వంచేవాడు. గుండ్రటి చెక్కదిమ్మ మీద నల్లటి బేకలైటు స్విచ్చి టక్కుమని పడేది. ఏ తీగ ఎటు పోతోందో చిన్నపిల్లాడైనా వేలుపెట్టి చూపించేవాడు. ఇప్పుడు గోడ కోసి పైపుల్లో పూడ్చేస్తున్నారు, మేకు కొట్టాలంటే భయం. కనబడే వైరింగే మేలని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను.

పిన్ని పిలిపించిన ఎలక్ట్రీషియన్ స్విచ్చి ఆపి, హోల్డర్లో టెస్టర్ పెడితే వెలిగిందట. "స్విచ్చి న్యూట్రల్ మీద వేశారమ్మా" అన్నాడు. అంటే లైటు ఆర్పినా 230 వోల్టుల ఫేజు హోల్డర్ దాకా వచ్చే ఉంటోంది. తీగల మధ్య నుంచి జారే ఇసుమంత కరెంటు 60 వాట్ల గుండు బల్బుకు ఏ మూలకూ చాలదు. ఎల్‌ఈడీకి అది చాలు. ఇన్నేళ్లూ స్విచ్చి ఆపామన్న ధైర్యంతో స్టూలెక్కి బల్బు మార్చిన ప్రతి చెయ్యీ ఆ ఫేజు పక్కనే తిరిగింది. అంత పనితనం ఉన్న వైరింగులో, కళ్లెదుటే ఉన్న తీగల్లో, ఆ తప్పు ఎవరి కంటా పడలేదు. రెండు తీగలూ ఒకే రంగువి మరి. ఈ ఒక్క విషయంలో గోడలో పూడ్చిన ఎర్ర తీగ, నల్ల తీగే నయం.

స్విచ్చిలో ఇండికేటర్ దీపం ఉన్నా, తీగలు చాలా దూరం పక్కపక్కనే నడిచినా కూడా ఎల్‌ఈడీ ఇలా మిణుకుమనొచ్చు. అయినా మీ ఇంట్లో కనిపిస్తే బల్బును తిట్టి ఊరుకోకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, స్విచ్చి ఫేజు మీదే ఉందో లేదో చూపించుకోండి. అప్పటిదాకా బల్బు మార్చాలంటే మెయిన్ ఆపండి.