అప్పజెప్పేదాకా

మంగళవారం సాయంత్రం నాంపల్లి మెట్రో మెట్లు దిగుతుంటే మా సంఘం కుర్రాడొకడు ఎదురయ్యాడు. చెవుల్లోంచి ఇయర్‌బడ్స్ తీసి, "అంకుల్, కొత్త నిబంధన మొత్తం అయిపోయింది" అన్నాడు. సంతోషమేసి, ఎన్నాళ్ళు చదివావని అడిగాను. చదవలేదట, విన్నాడట. పొద్దున జిమ్‌లో, ఆఫీసుకు పోతూ వస్తూ మెట్రోలో, రాత్రి గిన్నెలు కడుగుతూ. "వన్ పాయింట్ ఫైవ్ స్పీడ్‌లో పెడితే తొందరగా అయిపోతుంది అంకుల్." ఈ నెల కొండమీద ప్రసంగం కంఠతా పడుతున్నాడట, అది కూడా రోజూ చెవిలో నడుస్తూనే ఉందట. "ఏదీ, ధన్యతలు చెప్పు నాయనా" అన్నాను. మొదటి రెండూ చెప్పాడు. మూడోది గుర్తొస్తున్నట్టే ఉండి రాలేదు.

మంచి పిల్లవాడు. ఆ వయసులో వాక్యం కోసం పగలంతా చెవి ఒగ్గేవాళ్ళు ఎందరున్నారు? నాకు కష్టమనిపించింది వాడి గురించి కాదు, ఆ వేగం గురించి. కొండమీద ప్రసంగమంటే మత్తయి సువార్త 5వ అధ్యాయం నుంచి 7వ అధ్యాయం దాకా 111 వచనాలు. ఒక్కో వచనం దగ్గర ఆగి జన్మంతా ఆలోచించినవాళ్ళున్నారు. వాటిని ఒకటిన్నర రెట్ల వేగంతో దాటించేసి "అయిపోయింది" అనుకోవడం నాకు మింగుడుపడలేదు.

ఈ కాలమ్ చదివేవారికి నా పట్టు తెలుసు. బట్టీ అనే మాట తిట్టుగా మారిన కాలంలో నేను బట్టీని వెనకేసుకొస్తూనే ఉన్నాను. ఎక్కాలైనా, పద్యాలైనా, కీర్తనలైనా నోటికొచ్చినవే అవసరానికి ఆదుకుంటాయి. ఆస్పత్రి వరండాలో అర్ధరాత్రి కూర్చున్నవాడు పుస్తకం తెరవలేడు, ఫోను చూడబుద్ధి కాదు. అప్పుడు లోపల ఏముందో అదే వాడి ఆస్తి. కంఠస్థం మీద ఇంత గురి ఉన్నవాణ్ణి కాబట్టే, కంఠస్థం పేరుతో జరిగేది నిజంగా కంఠస్థమేనా అని పట్టి చూస్తాను.

రికార్డు విని నోటికి రావడం మన ఇళ్ళకు కొత్తేమీ కాదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం 1963లో ఎల్పీగా వచ్చింది. దాన్ని పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నవాళ్ళు తక్కువ. పాలు కాచుకుంటూ, వాకిలి ఊడ్చుకుంటూ విని నేర్చుకున్నవాళ్ళే ఎక్కువ. ఘంటసాల 1974లో కన్నుమూసే ముందు పాడి వెళ్ళిన భగవద్గీత సంగతీ అంతే. సంస్కృతం ముక్క రానివాళ్ళు కూడా శ్లోకం, దాని వెంట తాత్పర్యం వరసగా చెప్పేస్తారు. నాంపల్లి యూసుఫైన్ దర్గా పరిసరాల్లో పెరిగిన నా మిత్రులు ఈజిప్టు ఖారీ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ పేరు ఎంతో మర్యాదగా తలుచుకుంటారు. ఖురాన్ పారాయణం మొత్తాన్ని మొట్టమొదట రికార్డు చేసింది ఆయనే, 1961లో.

ఇవన్నీ పనిచేశాయి కదా, ఆడియో బైబిల్ ఎందుకు పనిచేయదని మీరడగవచ్చు. ఒక తేడా ఉంది. సుప్రభాతానికీ గీతకూ ఛందస్సుంది, రాగముంది. ఒక పాదం మరిచిపోతే ఆ నడకే దాన్ని లాక్కొస్తుంది. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి కట్టిన కీర్తనలు ఇవాళ్టికీ మన సంఘాల్లో పుస్తకం తెరవకుండా పాడేది అందుకే. తెలుగు బైబిల్లో కీర్తనల గ్రంథం మాత్రం గద్యంలో ఉంది. మూలమైన హెబ్రీలో 119వ కీర్తనకు అక్షరమాల క్రమముంది. 22 అక్షరాలు, అక్షరానికి 8 వచనాలు, మొత్తం 176. ఒక భాగంలోని ఎనిమిది వచనాలూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. కంఠస్థం చేసేవాడికి అది ఊతకర్ర. తెలుగులోకి వచ్చేసరికి ఆ కర్ర జారిపోయింది, అర్థం మిగిలింది. పౌలు పత్రికల సంగతి చెప్పనక్కర్లేదు. ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం 3 నుంచి 14 దాకా గ్రీకులో ఒకే వాక్యం. ఇలాంటిది నేపథ్య సంగీతంతో, నాలుగైదు గొంతులతో చెవిలో పోతుంటే బాగా తెలిసినట్టే ఉంటుంది. తెలిసినట్టు ఉండడం వేరు, వచ్చి ఉండడం వేరు.

దీని మీద పరిశోధనలున్నాయి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు కొన్ని పేరాలు ఇచ్చారు. కొందరు వాటిని మళ్ళీ మళ్ళీ చదివారు. కొందరు ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత పెడితే తారుమారైంది. మూసేసి గుర్తు తెచ్చుకున్నవాళ్ళు ముందుకొచ్చారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం నుంచి ఫోరిన్, మెక్లాయిడ్ 2018లో ప్రచురించిన ఇంకో అధ్యయనం మన విషయానికి మరీ దగ్గర. కొన్ని మాటలు మనసులో చదువుకోవడం, ఇంకొకరి గొంతులో వినడం, రికార్డు చేసిన తన గొంతులో తానే వినడం, పైకి చదవడం, ఈ నాలుగింటినీ పోల్చారు. అన్నిటికన్నా బాగా నిలిచింది పైకి చదివింది. తర్వాతి స్థానం సొంత గొంతుది. ఇంకొకరి గొంతు మూడో స్థానంలో ఉంది.

ఇదంతా చూస్తే తీర్పు తేలిపోయినట్టే అనిపిస్తుంది. చెవిలోది తీసేయండి, పుస్తకం పట్టుకుని ఒకచోట కూర్చోండి, పైకి చదవండి అని. మంగళవారం రాత్రి ఈ కాలమ్ అలాగే మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ మా నాయనమ్మ దగ్గర ఆగిపోయాను.

నాయనమ్మది మెదక్ వైపు పల్లె. అక్షరం రాదు. తెలుగులో మొదటి సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాత వందేళ్ళు గడిచినా పల్లెల్లో విశ్వాసుల్లో ఎక్కువమందికి ఆ అచ్చు చదవడం రాదు. మెదక్‌లో మిషనరీ పాస్నెట్ దొరగారి కాలంలో, దోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన అజరయ్యగారి కాలంలో సంఘాలు పెరిగింది కూలి జనంతో. పొలం నుంచి వచ్చాకే వాళ్ళకు తీరిక. అందుకే ప్రార్థన రాత్రిపూట. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి వస్తేనే బాప్తిస్మం. చదువు రానివాళ్ళకు అవి వచ్చింది చెవిగుండానే.

నాయనమ్మ చెప్పేది. కిరసనాయిలు దీపం కింద పంతులు సగం వచనం చెప్పేవాడట, అందరూ అనేవాళ్ళట. మిగతా సగం చెప్పేవాడు, మళ్ళీ అనేవాళ్ళు. ఒక రాత్రికి ఒకటో రెండో వచనాలు, అంతే. మర్నాడు నాట్లేస్తూ ఒకామె ఎత్తుకుంటే పక్కామె అందుకునేది. కలుపు తీసేటప్పుడూ అంతే. రాత్రి పంతులు పేరు పెట్టి పిలిచి అడిగేవాడు. ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటినుంచి.

పెద్దతనంలో ఆమె చాపెల్ రోడ్డులో మా ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం చేటలో బియ్యం పోసుకుని కూర్చునేది. ఒక వరస బియ్యం ఏరి, రాళ్ళు తీసి, చేట అటు చివరికి జరిపితే ఒక వచనం. ఇంకో వరస, ఇంకో వచనం. 91వ కీర్తనలో 16 వచనాలు, బియ్యం అయిపోయేసరికి కీర్తన అయిపోయేది. పాత అనువాదంలోని గ్రాంథికమంతా ఆమె నోట మెదక్ యాసలో వినపడేది. నేను బైబిల్ పట్టుకుని పక్కన కూర్చుని చూసేవాణ్ణి. యాస మారేది కానీ మాట మారేది కాదు. ఆమె ఒక్కనాడూ వాక్యం కోసం పని ఆపి కూర్చోలేదు. వాక్యం ఆమెకు పనిలోనే వచ్చింది, పనిలోనే నిలిచింది.

అది రాసి వదిలేశాను. గురువారం చీరకు ఫాల్ వేయించే పని మీద చిరాగ్ అలీ లేన్ వైపు ఒక సందులోకి వెళ్ళాను. మెట్ల కింద గూడంత దుకాణం. ఒక పెద్దావిడ మిషన్ తొక్కుతోంది. మిషన్ పక్కన దారపు కండెల మధ్య ఫోను, అందులోంచి ఒక ఆడపిల్ల గొంతు. 103వ కీర్తన. పిల్ల ఒక వచనం చదివి ఆగుతోంది. ఆ ఖాళీలో ఆవిడ పెదవులు కదుపుతూ ఫాల్ ఒక జానెడు కుట్టి, గుడ్డ సర్దుకుంటోంది. తర్వాతి వచనం. ఐదో వచనం దగ్గర రికార్డులో వెనకాల కుక్కర్ విజిల్ వినిపించింది. ఒకచోట ఆవిడకు మాట అందలేదు. కాలు ఆపి, ఫోను వెనక్కి జరిపి, మళ్ళీ విని, పైకి అని, అప్పుడు తొక్కింది.

అడిగితే చెప్పింది. "మా మనుమరాలు చదివి పెట్టింది సార్. నాకు కండ్లు సరిగ కనవడయి. నడుమ నడుమ జాగ ఇడ్వమన్న, నేను అనుకోవాలె గద. ఆ జాగల తను గూడ మనసుల అనుకుంటదట, గందుకే సరిగ్గ గంతే ఉంటది. ఐతారం చర్చికి పోయొచ్చినంక దానికే అప్పజెప్త. బుక్కు పట్టుకోని కూసుంటది, ఒక్క మాట తప్పితే ఊకోదు."

పంతులు, నాట్లు, రాత్రి పూట అడగడం, అన్నీ ఆ మెట్ల కింద ఉన్నాయి.

దాంతో నా వాదన ఎటు పోవాలో తేలింది. పనిచేసుకుంటూ వినడం కొత్తగా వచ్చిన అడ్డదారి కాదు. తెలుగు విశ్వాసులకు అదే అసలు బాట, పుస్తకం ముందు కూర్చోవడమే తర్వాత వచ్చింది. పని మధ్య వాక్యం వింటే మనసు నిలవదనే మాట సగమే నిజం. చేతులు అలవాటుగా చేసుకుపోయే పనైతే అదే వాక్యానికి తాళం వేస్తుంది, వచనానికీ వచనానికీ మధ్య ఊపిరి ఇస్తుంది. అదే పని రేపు ముందుకు రాగానే అదే వచనాన్ని గుర్తుచేస్తుంది. లోపం చెవిలో లేదు, పనిలో లేదు. మన రికార్డులు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతాయి. మనం అనడానికి చోటివ్వవు, అన్నది సరిపోయిందో లేదో వినవు. హిఫ్జ్ చేసే, అంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసే పిల్లలను చూడండి. 6,236 ఆయత్‌లు నేర్చేవాళ్ళు రికార్డులు ఎన్ని విన్నా, ఏ రోజు సబఖ్ (పాఠం) ఆ రోజు ఉస్తాద్ ముందు కూర్చుని వినిపించాల్సిందే. రికార్డుకు నోరుంది. చెవి మనం సమకూర్చుకోవాలి.

ఎక్కువ వినవద్దని కూడా నేను చెప్పబోవడం లేదు. ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ అనే అమెరికా సంస్థ రోజుకు 28 నిమిషాల చొప్పున 40 రోజుల్లో కొత్త నిబంధన వినే పద్ధతిని ప్రచారం చేసింది. ఆ సంస్థ పేరుకు మూలం రోమా పత్రిక 10వ అధ్యాయం 17వ వచనం. అలా విన్నవాళ్ళకు గ్రంథమంతా ఒక్కచూపులో కనబడుతుంది, అది గొప్ప మేలు. దాన్ని కంఠస్థం అనుకోకపోతే చాలు. మా కుర్రాడికీ ఇదే చెబుతాను. విన్నది వృథా కాలేదు, ఇప్పుడు అందులోంచి ఒక్క పది వచనాలు తీసుకో అని.

తీసుకునేవారికి నాకు తెలిసినది చెబుతాను. కంఠస్థానికి నాటకీయంగా చదివిన రికార్డులు వద్దు. సంగీతం లేని ఒక్క గొంతు చాలు. మీ చేతిలో ఉన్న బైబిల్ ఏ అనువాదమో రికార్డు కూడా అదే అయి ఉండాలి. పాత అనువాదం పుస్తకం పట్టుకుని వాడుకభాష అనువాదం వింటే రెండూ కలగాపులగమై ఒక్కటీ నిలవదు. అన్నిటికన్నా మంచిది మీరే చదివి ఫోనులో రికార్డు చేసుకోవడం. వచనం చదవండి, అంతసేపూ ఆగండి, తర్వాతిది చదవండి. వేగం పెంచవద్దు. రోజూ ఒకే పనికి దాన్ని ముడిపెట్టండి. బట్టలు ఆరేయడమో, కూరలు తరగడమో, నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా నడకో ఏదైనా సరే. బండి నడిపేటప్పుడు మాత్రం చెవిలో ఏదీ వద్దు. అబిడ్స్ సర్కిల్‌లో మీ చెవులు హారన్లకు కావాలి.

సండే స్కూల్ టీచర్లకు ఒక విన్నపం. అబిడ్స్ చుట్టుపక్కల సండే స్కూళ్ళకు కొదవ లేదు. కంఠత వాక్యాల పోటీలు ఏటా పెడుతున్నారు, బహుమతులిస్తున్నారు. సంతోషం. ఈసారి పిల్లలను పెద్దవాళ్ళతో జతచేయండి. చూపు తగ్గిన నాయనమ్మ కోసం పిల్ల చదివి రికార్డు చేయాలి. నాయనమ్మ నేర్చుకుని పిల్లకు అప్పజెప్పాలి, పిల్ల నాయనమ్మకు అప్పజెప్పాలి. బహుమతి ఇద్దరికీ కలిపి ఇవ్వండి.

మిగతా మనందరికీ 121వ కీర్తన చాలు. ఎనిమిదే వచనాలు. ఈ రాత్రే మీ గొంతుతో రికార్డు చేసుకోండి. వచ్చే ఆదివారం లోపు ఇంట్లో ఒకరి చేతికి బైబిల్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఎనిమిదీ అప్పజెప్పండి. అప్పుడే అది వచ్చిందని చెప్పండి.